వేపపుల్లకు ఇంటూ మార్కా?



టీచర్‌గా నా మొదటి సంవత్సరం వేరే ఊరి స్కూల్లో గడిచింది. హైజీన్ చార్ట్ నింపుతూ రెండో తరగతి పిల్లవాణ్ణి "డిడ్ యు బ్రష్ యువర్ టీత్?" అని అడిగాను. "నో మిస్, వేపపుల్ల" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను ఇంటూ మార్కు వేశాను. వాడి పళ్ళు ఎలా ఉన్నాయో మాత్రం చూడలేదు. ఆ ఇంటూ నాకు పడాల్సింది.

మన చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల వేపకు, కానుగకు కొదవ లేదు. ఉత్తరేణి అయితే గట్ల మీద నడిస్తే చాలు, బట్టలకు అంటుకుని ఇంటికే వస్తుంది. అవ్వాతాతలు పళ్ళు తోముకున్నది వీటితోనే. పళ్ళు పుచ్చడానికి ముఖ్య కారణం స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా. మనం తిన్న చక్కెరను అది ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది. ల్యాబ్‌లో ఈ బ్యాక్టీరియాను పెంచిన గాజుపళ్ళెంలో వేప సారంలో తడిపిన కాగితం బిళ్ళ పెడితే, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. దాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. కాబట్టి పెద్దవాళ్ళది ఉత్త అలవాటు కాదు.

అలాగని పళ్ళెంలో జరిగిందంతా నోట్లో జరగదు. అక్కడ వాడేది చిక్కటి సారం, గంటల తరబడి అలాగే ఉంటుంది. నోట్లోనైతే ఉమ్మి వెంటనే కడిగేస్తుంది. పాచి వదలాలంటే రుద్దాల్సిందే, పుల్లతోనైనా బ్రష్‌తోనైనా. వెనక దంతాలకు పుల్ల సరిగా అందదు. పేస్టులోని ఫ్లోరైడ్ ఇచ్చే రక్షణ కూడా పుల్లతో రాదు.

ఫ్లోరైడ్ అంటే మన దగ్గర ఇంకో సంగతి ఉంది. పాత అనంతపురం జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్ళలో అది ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. చిన్నతనంలో అలాంటి నీళ్ళు తాగిన పిల్లల పళ్ళపై గోధుమరంగు మరకలు వస్తాయి. అవి తోమక వచ్చినవి కావు, ఎంత తోమినా పోవు. దయచేసి అందుకు పిల్లల్ని తిట్టకండి, తాగే నీళ్ళు ఎక్కడివో చూడండి. 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు పేస్టు బఠాణీ గింజంత చాలు, మింగనివ్వకండి.

పొద్దున వేపపుల్ల పడితే పట్టనివ్వండి, రాత్రి పడుకునే ముందు మాత్రం పేస్టుతో బ్రష్ చేయించండి. వేపనూనె చిన్నపిల్లల నోట్లో ఎప్పుడూ వేయకండి, ప్రాణానికే ప్రమాదం.

నా క్లాసు చార్టులో "బ్రష్" అన్న గడి పేరు "పళ్ళు తోముకున్నావా?" అని మార్చాను. పుల్ల ఎలా నమలాలో బాగా తెలిసిన అవ్వ మీ ఇంట్లో ఉంటే, ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు ఆమెనూ తీసుకురండి.