మూర్ఛ ఉన్నవారికి తగిన ఉపాధి: పల్నాడు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

మెదడులోని విద్యుత్ సంకేతాలు ఉన్నట్టుండి అదుపు తప్పి పదేపదే ఫిట్స్ వచ్చే స్థితిని మూర్ఛ వ్యాధి అంటారు. సరైన చికిత్స అందితే దాదాపు 70 శాతం మంది ఫిట్స్ లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో ఈ జబ్బు గురించి అడగడం రోడ్డు భద్రతకు అవసరమే కనుక, ఆ నిబంధనను సడలించాలని ఈ లేఖ కోరడం లేదు.

అసలు నష్టం ఉపాధి దగ్గర జరుగుతోంది. డెలివరీ, మార్కెటింగ్, వసూళ్ల ఉద్యోగాలకు సొంత బండి, లైసెన్సు కావాలంటారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల వేడి, రాతి క్వారీల అంచులు, సాగర్ కాలువ గట్ల మీది పొలం పని మూర్ఛ ఉన్నవారికి ప్రాణాపాయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మూర్ఛ లేనందున, ఆ ఒక్క జబ్బుతో 4 శాతం రిజర్వేషన్ కూడా దక్కదు. జబ్బు దాచి పనిలో చేరినవారు నలుగురి ఎదుట మాత్ర వేసుకోలేక మోతాదు తప్పిస్తే, ఆగిన ఫిట్స్ తిరగబెట్టే ముప్పు ఉంది.

కాబట్టి జిల్లాలో నైపుణ్యాభివృద్ధి సంస్థ నిర్వహించే జాబ్ మేళాలలో, లైసెన్సు పనికే అవసరమా లేక రాకపోకలకు మాత్రమేనా అన్నది ప్రతి యజమానీ రాతపూర్వకంగా తెలిపేలా మీరు ఆదేశించాలి. నరసరావుపేట, మాచర్ల, గురజాలలో ఆర్టీసీ బస్సులో వెళ్లి చేయగల బిల్లింగ్, లెక్కలు, డేటా ఎంట్రీ వంటి పనుల జాబితాను సచివాలయాలలో ప్రదర్శించాలి. నిద్రలేమి ఫిట్స్‌ను ప్రేరేపిస్తుంది కనుక వీరికి పగటి షిఫ్టు ఇవ్వాలని యజమానులకు సూచించి, వచ్చే మేళా నుంచే ఈ చర్యలన్నీ అమలు చేయాలని విన్నపం.

ఇట్లు,
పల్నాడు జిల్లా పౌరులు