ఏ నీటికా పడవ

అనువాదకుడు చేసే తప్పులలో కొన్ని విమర్శకుని కంట పడతాయి. కొన్ని ఎవరి కంటా పడక పుస్తకంలోనే నిద్రపోతాయి. మనిషి ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒకటి నా కలం నుంచి వెలువడి, అచ్చుకు పోకముందే ఆగిపోయిన ఉదంతాన్ని ఈ మాసం పాఠకులకు మనవి చేస్తాను.

రెండేళ్ళ క్రితం ఒక జలక్రీడల సంస్థ వారు ఒక ఇంగ్లీషు చేతిపుస్తకాన్ని తెలుగు చేయమని నాకు పంపారు. కయాక్ అనే చిన్న పడవ మీద చేపలు పట్టదలచినవారు ఎలాంటి దానిని ఎంచుకోవాలో చెప్పే పుస్తకమది. కాన్రాడ్ వర్ణించిన తుపానులను పరీక్షల కోసం చదివినవాణ్ణి గనుక, ఇదొక లెక్కా అనుకున్నాను. గదిలో కూర్చుని సముద్రాన్ని అనువదించడం ఎంతటి సాహసమో అప్పటికి నాకు తెలియదు.

కయాక్ ఉత్తర ధ్రువ ప్రాంతంలోని ఇన్యూట్ ప్రజల వేట పడవ. సముద్రం ఒడ్డుకు తెచ్చిన కలపతోనో, తిమింగలం ఎముకలతోనో చట్రం కట్టి, దానిపై సీల్ చర్మం బిగించి కుట్టేవారు. వేటగాడు నడుము వరకు అందులో దిగి కూర్చుని, తన చర్మపు అంగీ అంచును పడవ నోటి చుట్టూ బిగించుకుంటే లోపలికి నీరు రాదు. పడవ తలక్రిందులైతే తెడ్డు విసురుతో దానితోపాటే తిరిగి లేచేవాడు. గడ్డకట్టే నీటిలో పడవను విడవడమంటే ప్రాణం విడవడమే. నీటిని లోపలికి రానీయకపోవడమే ఆ నిర్మాణానికి మూలసూత్రం.

నేడు చేపల వేటకు అమ్ముతున్న కయాకులలో అత్యధికం మరొక రకానివి. పాలిథిలీన్ ప్లాస్టిక్‌తో పోతపోసిన గుల్ల. దాని పైన కూర్చోవాలి. ఆ పడవకు పైనుంచి అడుగుదాకా ఆరో ఎనిమిదో రంధ్రాలుంటాయని పుస్తకంలో చదివి ఆగిపోయాను. పడవకు చిల్లులా? ఆ వాక్యాన్ని మూడుసార్లు కొట్టివేసి, రాతప్రతిని చంకన పెట్టుకుని, భీమునిపట్నంలో వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధ మత్స్యకారుని వద్ద కూర్చున్నాను.

నా సందేహం విని ఆయన నవ్వాడు. "మా తెప్పకి ఉన్నవన్నీ సందులే గదా బాబూ. పైన పడ్డ నీరు కిందకి పోతాది. నీరు నిలవడానికి చోటే లేకపోతే, ఇంక మునిగేదేటి?"

అంతే రహస్యం. దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పకు తోడిపోయవలసిన నీరే ఉండదు. నా విస్మయానికి మరొక కారణం కూడా ఉన్నది. ఇంగ్లీషులో 'కాటమరాన్' అన్న మాట తమిళ 'కట్టుమరం' నుంచి పుట్టింది. కట్టిన మ్రాను అని అర్థం. 1697లో వెలువడిన విలియమ్ డాంపియర్ యాత్రాగ్రంథంలోనే ఆ మాట కనిపిస్తుంది. కాలక్రమాన అది రెండు దోనెలను జతచేసిన పడవకు పేరయింది. మాట మన తీరం నుంచి వెళ్ళి అర్థం మార్చుకున్నది. సూత్రం మాత్రం ప్లాస్టిక్ రూపంలో, వేరే పేరుతో తిరిగివచ్చింది.

నా రెండవ చిక్కు 'స్థిరత్వం' అన్న మాటతో వచ్చింది. ఇంగ్లీషు పుస్తకం అది రెండు విధాలని చెబుతున్నది. వెడల్పుగా, అడుగు చదునుగా ఉన్న పడవ నిశ్చల జలంలో బల్లవలె కదలదు. లేచి నిలబడి గాలం వేయవచ్చు. దీనిని నేను 'తొలి నిలకడ' అన్నాను. కాని ఆ చదును అడుగు నీటి వాలునే అనుసరిస్తుంది. పక్కనుంచి అల వచ్చినప్పుడు అలతోపాటు ఒరిగి, ఒక హద్దు దాటగానే హఠాత్తుగా బోల్తాపడుతుంది. సన్నగా, అడుగు కొంత గుండ్రంగా ఉన్న పడవ ఎక్కగానే వణుకుతుంది. కొత్తవాడికి భయం పుట్టిస్తుంది. అయినా ఒరిగినకొద్దీ ఎదురు నిలిచి, అల కింద నుంచి జారిపోయేదాకా తట్టుకుంటుంది. ఇది 'తుది నిలకడ'. దుకాణంలో నేల మీద ఉన్న పడవను చూసి ఎన్నుకునేవాడు మొదటిదానికి మురిసిపోతాడు. సముద్రం అడిగేది రెండవదానిని.

కనుక ముందుగా నిర్ణయించుకోవలసింది పడవను కాదు, నీటిని. చెరువులు, కాలువలు, పులికాట్ వంటి లోతు తక్కువ సరస్సులు, కోరంగి మడ అడవుల పాయలు అయితే పది పన్నెండు అడుగుల పొడవు, ముప్పైరెండు అంగుళాలకు పైబడిన వెడల్పు గల కయాక్ సుఖం. మలుపులలో సులభంగా తిరుగుతుంది. కొల్లేటిలో తాటి దోనె చేసే పని అదే. తీరం విడిచి పోయేవారికి సుమారు పదమూడు నుంచి పదహారు అడుగుల పొడవు, ముప్పై అంగుళాలకు అటూ ఇటూ వెడల్పు, అలను చీల్చే ఎత్తైన ముక్కు, గాలికి దారి తప్పకుండా చుక్కాని ఉండాలి. పొడవైనది తిన్నగానూ వేగంగానూ పోతుంది; తిరిగిరావడానికి ఆ వేగమే అక్కరకు వస్తుంది. తయారీదారు చెప్పిన బరువులో మూడింట రెండు వంతులకు మించి మోయించకపోవడం మంచిది. ఆ లెక్కలో మనిషితోపాటు మంచినీళ్ళూ, పట్టబోయే చేపలూ కూడా చేరతాయి.

రెండు నీళ్ళకూ ఒకటే కావాలంటే? కఠినమైన నీటికి తగినదే కొనాలి. సముద్రపు కయాక్ చెరువులో కాస్త మొద్దుగా తిరుగుతుంది, అంతే. చెరువు కయాక్ సముద్రంలో చేసే పొరపాటు దిద్దుకోవడానికి వీలు లేనిది.

ఇక నా తప్పు సంగతి. 'ఆఫ్‌షోర్' అంటే తీరానికి దూరంగా అని నిఘంటువు. అందుచేత 'ఆఫ్‌షోర్ గాలి వీచేటప్పుడు బయలుదేరవద్దు' అన్న హెచ్చరికను 'సముద్రం మీదినుంచి గాలి వీచేటప్పుడు బయలుదేరవద్దు' అని తెలుగు చేశాను. చదివి వినిపించగానే ఆయన చేతిలోని వల ఆగింది.

"తిరగరాసేసినావు బాబూ. ఆ గాలి మనిసిని ఒడ్డుకి తోసేస్తాది. నేల గాలే తీసుకెళ్ళిపోతాది."

గుండె ఝల్లుమన్నది. గాలి విషయంలో ఆ మాటకు అర్థం నేల నుంచి సముద్రం వైపు వీచేది అని. ఆ గాలి వీచేటప్పుడు ఒడ్డుదాపున నీరు నున్నగా, పిలుస్తున్నట్లు ఉంటుంది. అల లేపడానికి గాలికి ఇంకా దూరం చాలలేదన్నమాట. ముందుకు పోయినకొద్దీ అలలు పెరుగుతాయి. వెనుదిరిగేసరికి గాలి ముఖానికి తగులుతుంది. తెప్పలవారు తెల్లవారుజామున నేల గాలితో తెరచాప ఎత్తి వెళ్ళి, మధ్యాహ్నపు సముద్రపు గాలితో మరలివచ్చేవారు. వారికి వాహనమైనదే తెడ్డు మాత్రమే నమ్ముకున్న కొత్తవాడికి ఉచ్చు. నా వాక్యాన్ని నమ్మినవాడు సరిగ్గా పోకూడని ఉదయమే పోయి ఉండేవాడు.

ఆయన చివరగా అడిగిన ప్రశ్ననూ పుస్తకంలో చేర్చమని ప్రచురణకర్తలను కోరాను. "పడ్డాక మళ్ళీ ఎక్కగలడా?" ఏ కయాక్ కొన్నా, లైఫ్ జాకెట్ ధరించి, ఛాతీ లోతు నీటిలో, తోడుగా ఒకరుండగా, కావాలని బోల్తాకొట్టించి, తిరిగి పైకి ఎక్కి చూడాలి. ఎక్కలేకపోతే ఆ పడవ మనది కాదు. గుల్ల లోపలికి మూతల సందుల నుంచి నీరు చేరి ఉన్నదేమో ప్రతిసారీ బిరడా తీసి చూడాలి. తెప్పకు లేని ఆ ఒక్క ప్రమాదం దీనికున్నది.

ఆ రాత్రే వాక్యం మార్చాను. 'నేల నుంచి సముద్రం వైపు గాలి వీచేటప్పుడు, నీరు ఎంత ప్రశాంతంగా కనిపించినా, బయలుదేరవద్దు.' మూలంలో లేని మాటలు నాలుగు చేరాయి. మూలానికి మించి రాయరాదని ఇరవై ఏళ్ళుగా నమ్మినవాణ్ణి. ఆ నాలుగు మాటలనూ కొట్టివేయడానికి మాత్రం చేయి రాలేదు.