సేవకు స్నేహితురాలు, సంతకానికి భర్త?

ఆసుపత్రి క్యాజువాలిటీలో రోగి వెంట వచ్చినవాళ్ళను తప్పనిసరిగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు ఈవిడకి ఏమవుతారు?" అమ్మ, భర్త, కొడుకు అని జవాబు చెప్పగలిగినవాళ్ళకు ఇది మామూలు ప్రశ్నే. పెళ్ళి చేసుకోని స్త్రీలకు, భర్త నుంచి విడిపోయిన స్త్రీలకు, అయినవాళ్ళకు దూరంగా బతుకుతున్న స్త్రీలకు మాత్రం ఇది ప్రాణం మీదకు తెచ్చే ప్రశ్న.

కిందటేడాది ఒక అర్ధరాత్రి నా స్నేహితురాలిని హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. భరించలేని కడుపునొప్పి, వాంతులు. స్కానింగులో అండాశయం మెలిపడిందని తేలింది. అలా మెలిపడితే దానికి రక్తం సరిగా అందదు. ఆలస్యమైతే తీసెయ్యవలసి రావచ్చు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్న డ్యూటీ డాక్టరే భర్త సంతకం కావాలన్నాడు. ఆమె భర్త నుంచి విడిపోయి నాలుగేళ్ళయింది. పూర్తి స్పృహలో ఉంది. "నేనే పెడతాను సంతకం" అని నొప్పిలోనే చెప్పింది. "అలా కుదరదు మేడమ్, రేపు వాళ్ళాయనొచ్చి గొడవ చేస్తే?" అన్నాడతను నా వైపు తిరిగి. అడ్వాన్సు కట్టేటప్పుడు, మందులు తెచ్చేటప్పుడు, స్ట్రెచర్ తోసేటప్పుడు నేనేమవుతానని ఎవరూ అడగలేదు. గంట తర్వాత సీనియర్ గైనకాలజిస్టు వచ్చి, ఆమె చేతే సంతకం పెట్టించి ఆపరేషన్ చేశారు. అండాశయం దక్కింది. అయితే స్త్రీల హక్కు ఆ రాత్రి డ్యూటీకి ఎవరొస్తారన్న దాని మీద ఆధారపడవలసిందేనా?

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. ప్రాణాపాయంలో ఉన్నవారికి చికిత్స చెయ్యడం ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. 2008లో సమీరా కోహ్లీ కేసులో, మత్తులో ఉన్న కూతురి తరఫున తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదంది. ప్రాణాపాయం లేనప్పుడు వయోజన స్త్రీ శరీరం మీద నిర్ణయం ఆమెదేనంది. 1971 నాటి గర్భస్రావ చట్టం కూడా వయోజన స్త్రీ సమ్మతి తప్ప భర్త సమ్మతి అడగదు.

మరి భర్త సంతకం ఎందుకడుగుతున్నారు? బిల్లుకు పూచీ కావాలి, రేపు గొడవ రాకుండా రక్షణ కావాలి. డాక్టర్ల భయాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ ఆ భయానికి మూలం, స్త్రీ శరీరం ఆమెది కాదు కుటుంబానిదన్న నమ్మకంలోనే ఉంది. ఆసుపత్రి మంచం పక్కన రాత్రంతా మేలుకునేది, బెడ్‌పాన్ అందించేది ఎక్కువగా ఆడవాళ్ళే. సంతకానికి మాత్రం మగవాడి కోసం కబురు వెళుతుంది. చాకిరీ ఒకరిది, అధికారం మరొకరిది. మన ఇళ్ళలో ఉన్న పితృస్వామ్యమే ఆసుపత్రి కాగితాల్లోకీ ఎక్కింది.

స్నేహాన్ని గుర్తించడం చట్టానికి కొత్తేమీ కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద, చుట్టరికం లేకపోయినా, తనకు నమ్మకమున్న వయోజనులెవరినైనా ప్రతినిధిగా నియమించుకోవచ్చు. ఇదే పద్ధతి అన్ని ఆసుపత్రులకూ రావాలి. సమ్మతి పత్రంలో "భర్త/తండ్రి" గడి తీసేసి "రోగి ఎంచుకున్న వ్యక్తి" అని రాయాలి. స్పృహలో ఉన్న వయోజన స్త్రీ సంతకం చాలునని ప్రతి క్యాజువాలిటీలో తెలుగులో బోర్డు పెట్టాలి. మహిళా సంఘాలు ఈ కోరికలతో జిల్లా వైద్యాధికారుల దగ్గరకు వెళ్ళాలి. ఈలోగా మనం ఎవరిని నమ్ముతామో ముందే ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి దగ్గర పెట్టుకుందాం.