దుప్పట్లోంచి పడ్డ కప్ప

ఇంగ్లిష్‌లో కప్పకి రెండు పేర్లు. నున్నగా ఉండి ఎగిరి గంతులేసేది ఫ్రాగ్. ఒళ్లంతా బుడిపెలతో బద్ధకంగా నడిచేది టోడ్. కథల్లో ఫ్రాగ్ రాజకుమారుడైపోతుంది. టోడ్‌కి మాత్రం ఇంగ్లండ్‌లో మంత్రగత్తె ఇంట్లోనే ఉద్యోగం! 'మక్‌బెత్'లో మంత్రగత్తెలు కాగులో మొట్టమొదట వేసేది దాన్నే. నాటకం కాబట్టి సరే అనుకోవచ్చు. కానీ కోర్టుల్లోనూ అదే నడిచింది.

1582లో ఎసెక్స్‌లోని సెయింట్ ఒసిత్ ఊళ్లో అర్సులా కెంప్ అనే నాటువైద్యురాలిని పట్టుకున్నారు. సాక్షి ఎవరనుకున్నారు? ఆమె ఎనిమిదేళ్ల కొడుకు. అమ్మ దగ్గర రెండు పిల్లులు, ఒక గొర్రెపిల్ల, పిగిన్ అనే నల్ల టోడ్ ఉన్నాయని, అవి దయ్యాలని వాడు చెప్పాడట. ఆమెని ఉరి తీశారు.

1662 నాటి కేసు ఇంకా ఘోరం. బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో ఏమీ డెన్నీ, రోజ్ కల్లెండర్ అనే ఇద్దరు వితంతువులపై విచారణ. డొరోతీ డ్యూరెంట్ అనే తల్లి సాక్ష్యం ఇది: బిడ్డకి మూర్ఛలొస్తుంటే ఒక వైద్యుడు, 'బిడ్డ దుప్పటిని రోజంతా పొయ్యి మూల వేలాడదీయి, రాత్రి అందులో ఏం కనిపించినా నిప్పులో వెయ్యి' అన్నాడు. రాత్రి దుప్పటి దించితే పెద్ద టోడ్ కిందపడింది. పటకారుతో పట్టి నిప్పుల్లో పెట్టారు. తుపాకీ పేలినట్టు చప్పుడైంది, కప్ప మాయం. మర్నాడు ఏమీ డెన్నీ ఒంటి నిండా కాలిన గాయాలున్నాయని ఆమె బంధువు చెప్పింది. అంతే, కప్పే ఆమె అని లెక్క తేలిపోయింది.

టోడ్‌లు పగలు చీకటి మూలల్లో దాక్కుంటాయి. అది అక్కడికి చేరడానికి మంత్రం ఎందుకు?

నన్ను ఎక్కువ కదిలించింది ఇంకోటి. ఆ కోర్టులో పక్కా బ్లైండ్ టెస్ట్ కూడా చేశారు! ఏమీ డెన్నీ తాకితే కేక పెట్టే ఒక అమ్మాయికి కళ్లు మూసి, వేరే మనిషితో ముట్టించారు. సేమ్ రియాక్షన్. ఇదంతా నాటకమని టెస్ట్ చేసిన పెద్దమనుషులే తేల్చేశారు. అమ్మాయి తండ్రి ఏదో సర్దిచెప్పాడు, జ్యూరీ అదే నమ్మింది. టెస్ట్ ఫెయిలైనా రిలీజ్ చేసేశారన్నమాట, రిలీజైంది ఉరిశిక్ష. జడ్జి మాథ్యూ హేల్‌కి చాలా పేరుండటంతో, 1692లో అమెరికాలోని సేలంలో ఈ కేసునే ఆదర్శంగా తీసుకున్నారు.

టోడ్‌లో విషముంటుందన్నది మాత్రం నిజమే. కళ్ల వెనక గ్రంథుల్లో ఉంటుంది, నోట కరిచిన కుక్క నురగలు కక్కుతుంది. విషమున్నచోటే విరుగుడూ ఉంటుందని, టోడ్ తలలో మణి ఉందని కూడా నమ్మారు. ఆ 'మణి' ఉంగరాలు మ్యూజియాల్లో ఇప్పటికీ ఉన్నాయి. నిజానికి అవి డైనోసార్ల కాలం నాటి చేపల పళ్లు, శిలాజాలు.

ఇప్పుడు సీన్ పూర్తిగా మారింది. చలికాలం చివర టోడ్‌లు గుడ్లు పెట్టే చెరువులకి బయల్దేరి, దారిలో కార్ల కింద పడతాయి. 1987లో హెన్లీ దగ్గర వాటికోసం రోడ్డు కింద సొరంగమే వేశారు. చాలా ఊళ్లలో వాలంటీర్లు రాత్రిపూట టార్చీలు, బకెట్లు పట్టుకుని వాటిని రోడ్డు దాటిస్తారు. ఎన్నింటిని దాటించారో రాసి పెడతారు. ముప్పై ఏళ్లలో టోడ్‌లు సగటున 68 శాతం తగ్గాయని 2016లో తేలింది ఆ బకెట్ లెక్కల వల్లే.