కవర్ పాడాం సరే, పేరు రాశామా?

మణికొండ మర్రిచెట్టు దగ్గర మా బ్యాచిలర్ ఫ్లాట్‌లో ఆదివారం అంటే ఒక గిటారు, నాలుగు చాయ్‌లు, కింద నీళ్ల ట్యాంకర్ మోత. పోయిన నెల ఆ మోతలోనే ‘అలుపన్నది ఉందా’ కవర్ రికార్డ్ చేసి పెట్టా. కింద ‘సంగీతం: ఇళయరాజా’ అని ధీమాగా రాసేశా.

సాయంత్రం విజయవాడ నుంచి బాబాయ్ ఫోన్.

“బానే పాడావురా. కానీ అది కట్టింది శ్రీ. పాట కావాలి, మనిషి అక్కర్లేదా?”

సిగ్గేసింది. శ్రీ కొమ్మినేని. సంగీత దర్శకుడు చక్రవర్తి గారబ్బాయి. ఆ రాత్రి యూఎస్ కాల్ అయ్యాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆయన పాటలన్నీ వరసగా విన్నా.

ముందు హిట్లు. 1993లో ‘గాయం’. చిత్ర గారి గొంతులో నేను కవర్ చేసిన పాట గాల్లో తేలిపోతుంది. అదే సినిమాలో బాలు గారి ‘నిగ్గదీసి అడుగు’ కాలర్ పట్టుకుంటుంది. రెండూ ఒక్కడే కట్టాడంటే నమ్మబుద్ధి కాదు. అదే ఏడాది ‘మనీ’లో అల్లరి. 1996లో ‘లిటిల్ సోల్జర్స్’, పిల్లల కోసం. 1997లో ‘సిందూరం’, మళ్లీ నిప్పు.

బాబ్ డిలన్ పక్కన పెట్టేసిన పాటల్ని కూడా 1991 నుంచి ‘బూట్‌లెగ్ సిరీస్’ పేరుతో ఆల్బమ్స్‌గా వేస్తున్నారు. మన సినిమాల్లో అలాంటి అలవాటు లేదు. డైరెక్టర్ వద్దన్న ట్యూన్ ఆ గదిలోనే ఆగిపోవచ్చు. అందుకే నాకు దొరికిన అసలు నిధి ట్యూన్ కాదు, శ్రీ గొంతు.

2005, ‘చక్రం’. ‘జగమంత కుటుంబం నాది’. రాసింది సిరివెన్నెల, కట్టింది చక్రి, పాడింది శ్రీ. అన్నేళ్లు వేరేవాళ్ల గొంతులకి ట్యూన్లు కట్టినాయన, ఇక్కడ వేరొకరి ట్యూన్‌కి తన గొంతిచ్చాడు. పాడి మెప్పించాలన్న తాపత్రయం లేదు. ఒంటరిగా కూర్చుని తనకి తానే చెప్పుకుంటున్నట్టుంటుంది. వంద సార్లు విన్న పాటే. పాడిందెవరో తెలిశాక మాత్రం గొంతు పట్టేసింది.

చక్రి 2014లో, శ్రీ 2015లో, సిరివెన్నెల 2021లో వెళ్లిపోయారు. పాటకేం, మన ఫోన్లలో బతికేస్తుంది. పేరుకే మన సాయం కావాలి.

వీడియో కింద పేరు మార్చి బాబాయ్‌కి లింక్ పంపా. “ఇప్పుడు బాగా పాడావు” అన్నాడు.

మీరూ కవర్ పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. రాసిందెవరు, కట్టిందెవరు, పాడిందెవరు? మూడు పేర్లే కదా!