పేరుకు స్వతంత్రము

2022 అక్టోబరులో ట్విట్టరు ఎలాన్ మస్క్ వశమైనపుడు, ఒక్క ధనికుని చిత్తమునకు లోబడ నొల్లని జనులు లక్షలుగా మాస్టొడాన్‌ను ఆశ్రయించిరి. 2016లో వెలసిన ఈ యేర్పాటులో ఎవరి సర్వరు వారిది. అందరిపై అధికారి లేడు. ఈ పద్ధతిని మేము మెచ్చెదము. కాని మెచ్చుకోలు కన్నులు కప్పరాదు.

చిన్న సర్వరులో చేరినవానికి కనబడున దేమి? అచ్చటివారు అనుసరించువారి వ్రాతలే ప్రధానముగా అచ్చటికి వచ్చును. తక్కిన లోకము చీకటి. రిలేల మూలమున అన్నియు తెప్పించిన, ఎవ్వరును చదువని వ్రాతలతో డిస్కు నిండును, బాడుగ పెరుగును. ఆ బాడుగ పెక్కుచోట్ల ఒక్కని జేబునుండియే పోవుచున్నది. కావున క్రొత్తవారు మాస్టొడాన్ డాట్ సోషల్ అను పెద్ద సర్వరుననే గుమిగూడుచున్నారు. రాజును విడిచి వచ్చి రాజధానిని కట్టుట స్వాతంత్ర్యమా?

వెదకుట సులభమైన వేధించువారికి దారి యేర్పడునని కొందరందురు. ఆ భయము నిజమే. అందులకే 2023 సెప్టెంబరులో, సమ్మతించినవారి బహిరంగ వ్రాతలను మాత్రమే వెదకు వసతి వచ్చినది. అదియు సర్వరునకు చేరిన వ్రాతలకే పరిమితము! సమ్మతించినవారిని సయితము చీకటిలో నుంచుట యే రక్షణము?

చిన్న సర్వరులు కలసి, సమ్మతించినవారి వ్రాతలకు ఉమ్మడి పట్టికను నిలుపవలెను, భారమును పంచుకొనవలెను. చదువరులు చందా లీయవలెను. చందా లేని పఠనమందిరమున దీప మెన్నాళ్లు వెలుగును? ఖర్చు భరింపనొల్లని స్వాతంత్ర్యము మరల ధనికుని గుమ్మమునకే చేరును.