ముద్ద పూలు ముచ్చటే, పెరటికి మాత్రం రేకు పూలే మేలు



వానలు పడ్డాయంటే పూల మొక్కల బండ్లు ఊళ్లోకి వస్తాయి. ఏది ఎర్రగా, గుబురుగా, ముద్దగా ఉంటే దాన్నే పట్టుకొచ్చేస్తాం. నా మాట ఏంటంటే, మందులు కొట్టకుండా పంట తీసే మనం మొక్కను రంగు చూసి కొనకూడదు. ఆ పువ్వు మీద ఏం వాలుతుందో చూసి కొనాలి.

ముద్ద మందారాన్నే తీసుకోండి. అందులో ఎక్కువగా కనిపించే రేకులు చాలావరకు కేసరాలు మారి వచ్చినవే. కేసరాలే రేకులైపోతే ఇక పుప్పొడి ఎక్కడిది? అదే ఐదు రేకుల మందారమైతే మధ్యలో పొడవాటి కాడ మీద పుప్పొడి బయటికే కనిపిస్తుంది. పూజకు రెండూ పనికొస్తాయి, ఈగకు మాత్రం రెండోదే.

ఇదంతా ఎందుకంటారా? గుమ్మడి, దోస, కాకర పాదుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తేనెటీగ రాకపోతే పిందె పచ్చబడి రాలిపోతుంది. మనమేమో బలం చాల్లేదనుకుని ఇంకో డ్రమ్ము జీవామృతం పోస్తాం. అక్కడ కావాల్సింది జీవామృతం కాదండీ, తేనెటీగ.

నా ఓటు ముందు తంగేడుకు. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మ పువ్వు. మెట్ట నేలలో తక్కువ నీళ్లతో బతుకుతుంది. నల్ల తుమ్మెదలు ఝుమ్మంటూ పువ్వును వణికించి పుప్పొడి దులుపుకుపోతాయి. తర్వాత వావిలి. పూత మీద తేనెటీగలు ముసురుతాయి. పశువులు పెద్దగా ముట్టవు కాబట్టి కంచెకు బాగుంటుంది. ఆకు కషాయాల్లోకి వస్తుంది, ఎండబెట్టి గింజల్లో కూడా వేస్తారు. నూరువరహాలు పెడితే సీతాకోకచిలుకలు వస్తాయి. ఇక జడలోకి మల్లె ఉండాల్సిందే, దాన్ని ఈ లెక్కలోకి తేవద్దు!

మందారానికి పిండినల్లి పడుతుంది, బెండకు పాకుతుంది అంటారు. నిజమే. అందుకే కూరమడికి ఆనించి పెట్టకండి. పట్టిన కొమ్మ కత్తిరించేయండి. మందారం కొత్త చిగుళ్లకే పూస్తుంది కాబట్టి నష్టం లేదు.

ఈగలు వాలినంత మాత్రాన ప్రతి మొక్కా మంచిదని కాదు. లాంటానా మీద సీతాకోకచిలుకలు బాగానే వాలతాయి. కానీ పిట్టలు దాని పండ్లు తిని గింజల్ని గట్లూ అడవులూ అంతా చల్లేస్తాయి, ఆకు పశువులకు విషం. గన్నేరు, పచ్చగన్నేరు ఇంకా ప్రమాదం. కత్తిరించిన కొమ్మల్ని గట్టున పడేస్తే మేకో దూడో నమిలిందంటే ప్రాణం మీదికొస్తుంది. చిన్నపిల్లలూ పశువులూ ఉన్న ఇంట్లో ఈ రెండూ వద్దే వద్దు.

కొనేముందు ఒక పని చేయండి. అదే మొక్క ఊళ్లో ఎవరింట్లో ఉందో కనుక్కుని, ఎండపొద్దున పది నిమిషాలు దాని దగ్గర నిలబడండి. వీడియోలో చూస్తున్నారుగా, ఒక్క వావిలి కొమ్మ మీదే ఎన్ని ఈగలో! మీ పెరట్లో ఏ మొక్క మీద ఎక్కువ వాలుతున్నాయో మాకూ చెప్పండి.